హంసా? తామరా? పార్క్ కట్టేముందు మనల్ని ఏం అడుగుతున్నరు, ఏం అడుగుతలేరు

మా హన్మకొండ కాలనీ పార్క్‌ల నడిమిట్ల ఒక ఫౌంటెన్ ఉంది. గుండ్రటి తొట్టి, నీలం టైల్స్, మధ్యల సిమెంటు హంస. ఓపెనింగ్ నాడు నీళ్ళు మంచిగనే ఎగిరినయి, వారం తిరగకముందే మోటర్ పోయింది, అప్పటిసంది ఆ తొట్టిల వాన నీళ్ళు, చిప్స్ పాకెట్లు, దోమలు. అది పోతే పోనీ, అసలు బాధ వేరే. ఆ ఫౌంటెన్ కట్టిన జాగల ఇంతకుముందు బతుకమ్మ ఆడేటోళ్ళు. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాక మాపటికి ముప్పై నలభై మంది ఆడోళ్ళు, నడుమ బతుకమ్మలు పెట్టి చుట్టూ తిరగాలంటే చదునైన ఖాళీ జాగ కావాలె, అంతే, ఇంకేం అక్కర్లేదు. ఇప్పుడు ఆ జాగల హంస ఉంది. ఆడోళ్ళు గేటు బయట రోడ్డు మీద ఆడుతున్నరు, బండ్లోళ్ళు హారన్ కొట్టుకుంట పక్కనుంచి పోతున్నరు.

మమ్మల్ని అడగకుండ కట్టిన్రు అని చెప్పుకుందామంటే అది కూడ కాదు, అడిగిన్రు! నేను ఆ మీటింగ్‌కు పోయిన. పని దినం, పొద్దుగాల పదకొండు గంటలకు కమ్యూనిటీ హాల్ల, పద్నాలుగు మందిమి ఉన్నం, అందుల పన్నెండు మంది రిటైరైన పెద్దమనుషులు. గోడకు రెండు చార్టులు అతికించిన్రు. ఒకదాంట్ల ఫౌంటెన్ మధ్యల హంస, ఇంకోదాంట్ల ఫౌంటెన్ మధ్యల తామర పువ్వు. ఏది కావాల్నో చేతులెత్తుమన్నరు. హంస గెలిచింది. రిజిస్టర్ల సంతకాలు పెట్టినం, చాయ్ తాగినం, వచ్చినం. కాగితాల మీద చూస్తే మా పార్క్ ప్రజల అభిప్రాయం తీసుకొని కట్టిన పార్కే.

ఆ రోజుకాన్నుంచి నాకు ఈ ముచ్చట తలల తిరుగుతనే ఉంది. మనల్ని అడిగే టైంకు మిగిలిన ప్రశ్న హంసా తామరా అన్నదే అయితే, మిగతాయన్ని ఎప్పుడు ఎవరు తేల్చిన్రు? ఒక పార్క్ కావాలన్నా, గ్రౌండ్ కావాలన్నా వరుసగ కొన్ని నిర్ణయాలు జరుగుతయి: జాగ ఎక్కడ, ఆ జాగ దేనికి, పైసలు ఏ స్కీం నుంచి, డిజైన్ ఏంది, కట్టినంక చూసుకునేది ఎవరు. మనల్ని పిలిచేది నాలుగోదానికాడ, అది కూడ సగం అయిపోయినంక. మొదటి మూడు మన కంటికి కనపడయి, ఐదోది ఎవ్వరికీ పట్టది.

జాగ ముచ్చట జర వివరంగ చెప్పాలె, ఎందుకంటే అసలు కత అంతా ఇక్కడనే ఉంది. లేఅవుట్ పర్మిషన్ తీసుకొని ప్లాట్లు చేసేటోళ్ళు మొత్తం జాగల 10 శాతం ఓపెన్ స్పేస్ కింద ఇడువాలె, దాన్ని గిఫ్ట్ డీడ్ రాసి మున్సిపాలిటీకో పంచాయతీకో అప్పజెప్పాలె. ఐదెకరాల వెంచర్ అనుకుందాం, 10 శాతం అంటే అరెకరం, అంటే 20 గుంటలు, గజాలల్ల 2,420. ఇది చిన్న జాగ కాదు, ఒక వాలీబాల్ కోర్ట్, పిల్లల జారుడుబండ, చెట్ల కింద నాలుగు బెంచీలు, బతుకమ్మకు ఖాళీ జాగ అన్నీ పడుతయి. మరి ఇప్పుడు మన కాలనీలల్ల ఆ 20 గుంటలు ఎక్కడున్నయి? కొన్నిచోట్ల ఉన్నయి. కొన్నిచోట్ల మూలకున్న కుంట గుంతనో, హైటెన్షన్ తీగల కింది పట్టీనో ఓపెన్ స్పేస్ అని చూపెట్టిన్రు. కొన్నిచోట్ల బ్రోచర్ల పచ్చరంగు వేసి ఉన్న జాగల ఇప్పుడు ఇల్లు లేసింది.

ఇగ పర్మిషన్ లేని లేఅవుట్ల సంగతి. అక్కడ 10 శాతం ఇడిసేదే లేదు. ఎల్ఆర్ఎస్ అంటే పర్మిషన్ లేని లేఅవుట్లను రెగ్యులరైజ్ చేసే సర్కారు స్కీం, దాని కింద రెగ్యులరైజ్ చేసుకునేటప్పుడు అట్లాంటి ప్లాట్లకు 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జి అని ఒకటి పడుతది, కట్టినోళ్ళకు తెలిసే ఉంటది, ఫీజు ఇంత ఎక్కువెందుకు వచ్చిందని తిట్టుకునేది దీని గురించే. అది దేనికంటే, మీ లేఅవుట్ల పార్క్ జాగ ఇడువలేదు కాబట్టి దాని బదులు పైసలు కట్టుడన్నట్టు. మనం కట్టినం, ప్లాట్ రెగ్యులర్ అయింది. కాని పైసలు కడితే జాగ పుట్టుకొస్తదా? ఆ ఇండ్ల నడుమ కొత్తగ అరెకరం ఎక్కడ దొరుకుతది? నా లెక్కల ఎల్ఆర్ఎస్‌ల అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే, కాని ఏ మీటింగ్ల కూడ వినపడది. మా ఏరియాల కట్టిన ఓపెన్ స్పేస్ చార్జి ఎంత, దాంతోని ఎక్కడన్న జాగ కొన్నరా అని ఒక్కలు కూడ అడుగంగ నేను చూడలే. నేను కూడ అడుగలే, మొన్నటిదాక.

ఎంత జాగ ఉంటే సరిపోతది అనేదానికి కూడ లెక్క ఉంది. 2014ల కేంద్రం ఇచ్చిన పట్టణ ప్రణాళిక మార్గదర్శకాల ప్రకారం మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఓపెన్ స్పేస్ ఉండాలె, చిన్న పార్కులు, పెద్ద పార్కులు, గ్రౌండ్లు అన్నీ కలుపుకొని. మన గ్రేటర్ వరంగల్ల 66 డివిజన్లు ఉన్నయి, ఒక్కోదాంట్ల సుమారు 12 వేల మంది అనుకుంటే డివిజన్‌కు 12 హెక్టార్లు, అంటే దగ్గరదగ్గర 30 ఎకరాలు. మీ డివిజన్ల 30 ఎకరాల ఖాళీ జాగ ఉందా? నవ్వొస్తది గదా. చెరువు కట్టలు, కాలేజీ గ్రౌండ్లు, పబ్లిక్ గార్డెన్, జేఎన్ఎస్ స్టేడియం, హంటర్ రోడ్ జూ, భద్రకాళి కాడి తోటలు ఇవన్నీ కలిపి ఊరి మొత్తానికి పంచుకోవాలె. అందుకే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ల పొద్దుగాల ఐదున్నరకే అంత మంది, అక్కడికి వచ్చేటోళ్ళల్ల సగం మంది ఇంటి పక్కన నడిచే జాగ లేక వచ్చేటోళ్ళే.

జాగ పోకుండ ఆపుకోవచ్చా అంటే ఆపుకోవచ్చు. 1991ల సుప్రీంకోర్టు బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసుల చెప్పింది, అక్కడ ప్లాన్ల పార్క్ కోసం ఇడిసిన జాగను ప్రైవేటు నర్సింగ్ హోంకు ఇచ్చేసిన్రు, చుట్టుపక్కల ఉండేటోళ్ళు కోర్టుకు పోయిన్రు. దవాఖాన మంచిదే గదా అని అవతలోళ్ళ వాదన. అయినా పార్క్ జాగ పార్క్‌కే అన్నది కోర్టు, పైంగ ఆ కాలనీల ఉండేటోళ్ళకు అడిగే హక్కు ఉందన్నది కూడ. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన ముచ్చట, ఎందుకంటే మన దగ్గర పార్క్ జాగలకు వచ్చేది ఎప్పుడూ చెడ్డ పని కాదు, వాటర్ ట్యాంక్, అంగన్వాడీ, కమ్యూనిటీ హాల్, ఒక మూలకు చిన్న గుడి. అన్నీ మంచియే, అన్నీ కలిసినంక ఆడుకునేటందుకు జాగ మాత్రం ఉండది. గుడి ముచ్చట ఎత్తితే మా వాట్సాప్ గ్రూపుల మూడు రోజులు లొల్లి, అందుకని ఇక్కడికే ఆపుతున్న.

మాస్టర్ ప్లాన్ ఇంకా పైన. వరంగల్‌కు 1972 నాటి మాస్టర్ ప్లానే అర్ధ శతాబ్దం నడిచింది, ఇప్పుడు 2041 ప్లాన్ వచ్చింది. ఏ సర్వే నంబర్ రెసిడెన్షియల్, ఏది రిక్రియేషన్ అనేది అందుల రంగులేసి ఉంటది. డ్రాఫ్ట్ వచ్చినప్పుడు అభ్యంతరాలు, సూచనలు ఇమ్మని ప్రకటన ఇస్తరు. అభ్యంతరాలు పెట్టేటోళ్ళు ఎవరంటే తమ పొలంల నుంచి రోడ్డు పోతున్నోళ్ళు, తమ జాగ గ్రీన్ జోన్ల పడ్డోళ్ళు. వాళ్ళది న్యాయమే, వాళ్ళ ఆస్తి. కాని మా వైపు ఒక గ్రౌండ్ కూడ లేదు, ఇక్కడ ఒకటి గుర్తుపెట్టండి అని రాసేటోడు ఉండడు, ఎందుకంటే ఆ గ్రౌండ్ ఎవ్వని పట్టా కాదు. నిజంగ ప్రజాభిప్రాయం పనిచేసే టైం అదొక్కటే, ఆ టైంల మనం పెండ్లిళ్ళకు పోయి ఉంటం.

చెరువుల ముచ్చట ఇడిసిపెడితే వరంగల్ గురించి రాసినట్టే కాదు. ఇది కాకతీయులు చెరువుల మీద కట్టిన ఊరు, ఇప్పటికీ మనం షికారుకు పోయేది చెరువు కట్ట మీదికే, భద్రకాళి కట్ట కానీ వడ్డేపల్లి కట్ట కానీ. భద్రకాళి బండ్‌ను హృదయ్ స్కీం కింద చేసిన్రు, 2015ల కేంద్రం 12 వారసత్వ నగరాలకు పెట్టిన స్కీం అది, అందుల మనది ఒకటి. మస్తు మంది పోతరు, నేను కూడ పోత, మా పిల్లలకు అదే పెద్ద టూర్. చెరువులకు బఫర్ అని ఒక రూల్ ఉంది, పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్ళు వచ్చే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకు తక్కువైతే 9 మీటర్లు బిల్డింగ్ కట్టొద్దు. ఈ పట్టీలు నిజంగ ఖాళీగ ఉంచితే ఊరి నిండ చెరువు చుట్టూ నడిచే బాటలు తయారైతయి, కొత్తగ జాగ కొనే పనే ఉండది. అట్ల కాక శిఖం భూమిలల్ల, అంటే చెరువు లోపలి భూమిలల్ల, ఇండ్లు లేసినయి, నాలాలు సన్నగ అయినయి, 2020 ఆగస్టుల కాలనీలకు కాలనీలు మునిగినయి, 2023 జులైల మళ్ళ మునిగినయి, భద్రకాళి చెరువు కట్టకు గండి కూడ పడ్డది. పార్క్ అంటే షోకు అనుకునేటోళ్ళు ఇక్కడ జర ఆలోచించాలె. లోతట్టుల ఒక గ్రౌండ్ ఉంటే రెండు రోజులు నీళ్ళు నిలుస్తయి, తర్వాత ఇంకుతయి, పిల్లలు మళ్ళ క్రికెట్ ఆడుకుంటరు. అదే జాగల ఇల్లుంటే ఆ రెండు రోజులు బియ్యం బస్తా మంచం మీదికి ఎక్కుతది. కాని ఆ గ్రౌండ్‌ను కూడ చివరిదాక పేవర్ బ్లాక్స్ పరిచి కాంక్రీట్ చేస్తే నీళ్ళు ఇంకే జాగే ఉండది, మనోళ్ళకు ఆ పేవర్ బ్లాక్స్ అంటే ఏం పిచ్చో నాకు అర్థం కాదు.

పైసల ముచ్చట తొందరగ చెప్పేస్త. మున్సిపాలిటీ సొంత పైసలతోని పెద్ద పార్కులు కట్టుడు తక్కువ, స్కీం వస్తే కడుతరు. స్మార్ట్ సిటీల 2016ల వరంగల్ ఎంపికైంది, ఆ పోటీల ప్రజల అభిప్రాయం తీసుకున్నదానికి కూడ మార్కులు ఉండె. ప్రతి స్కీంకు ఒక ఆకారం ఉంటది: దీంట్ల గ్రిల్స్, లైట్లు, ఓపెన్ జిమ్ కొనొచ్చు, మాలీ జీతం ఇయ్యరాదు. అందుకే ఏ ఊళ్ళె చూసినా అదే నీలం పసుపు రంగు జిమ్ మిషన్లు, ఏప్రిల్ల పొద్దుగాల పదింటికి ఆ ఇనుము ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటది, పైన నీడకు ఒక్క చెట్టు ఉండది. ఊళ్ళల్ల 2022ల మొదలుపెట్టిన క్రీడా ప్రాంగణాలు కూడ అంతే, ఆలోచన చాన మంచిది, ఖోఖో, కబడ్డీ, వాలీబాల్, కసరత్తు బార్లు, కాని సర్కారు జాగ ఎక్కడుంటే అక్కడ పెట్టాలె. మా సుట్టాల ఊళ్ళె అది ఊరవతల వైకుంఠధామం (శ్మశానం) పక్కకు వచ్చింది, ఇగ మాపటికి ఆడపిల్లలను అక్కడికి ఎవరు పంపుతరు?

రాష్ట్రంల 2019 మున్సిపల్ చట్టం వచ్చినంక బడ్జెట్ల 10 శాతం పచ్చదనానికి పెట్టాలని ఉంది, పెట్టిన మొక్కల్ల 85 శాతం బతకాలని కూడ ఉంది. మంచిదే. కాని మొక్క బతుకుడు వేరు, నీడ వచ్చుడు వేరు. తొందరగ పచ్చగ కనపడాలని కోనోకార్పస్ మొక్కలు వరుసగ పెట్టేసిన్రు చాన చోట్ల, దాని కింద ఒక్కలు కూడ కూసోరు. మా పార్క్‌ల డెలివరీ పోరగాళ్ళు మధ్యాహ్నం నడుం వాల్చేది మొత్తం పాత కానుగ చెట్టు కిందనే, ప్లాన్ల అది ఎక్కడా లేదు, అదృష్టం బాగుండి కొట్టెయ్యలే.

ఇప్పుడు అడిగే పద్ధతి గురించి. కాగితం మీద మనకు తక్కువేం లేదు. 74వ రాజ్యాంగ సవరణ 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాలల్ల వార్డు కమిటీలు ఉండాలన్నది, మన 2019 చట్టం ఇంకా ముందుకు పోయి వార్డుకు నాలుగు కమిటీలు అన్నది: యువతకు ఒకటి, ఆడోళ్ళకు ఒకటి, పెద్ద వయసోళ్ళకు ఒకటి, ఊళ్ళె పేరున్నోళ్ళకు ఒకటి. చదివితే ముచ్చటేస్తది. మీ డివిజన్ కమిటీల ఎవరున్నరో మీకు తెలుసా? ఈ వ్యాసం రాసేముందు మా సందుల ఆరిండ్లల్ల అడిగిన, కార్పొరేటర్ పేరు అందరు చెప్పిన్రు, కమిటీ పేరు ఒక్కలు కూడ చెప్పలే.

మీటింగ్ పెడితే వచ్చేది ఎవరు? టైం ఉన్నోళ్ళు, మైకు పట్టుకుంటే భయం లేనోళ్ళు. కాజీపేట రైల్వేల నైట్ డ్యూటీ చేసి పండుకున్నాయన రాడు, ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు మోయ పోయిన హమాలీ రాడు, బడికి పోయిన పిల్లలు రారు, నాలుగిండ్లల్ల బాసండ్లు తోమే అక్క అస్సలే రాదు. కాని పార్క్ వాడుకునేది వీళ్ళే! ఇంట్ల ఏసీ, బాల్కనీ ఉన్నోళ్ళకు పార్క్ ఉన్నా లేకున్నా నడుస్తది, రెండు గదులల్ల ఆరుగురు ఉండేటోళ్ళకు అదే హాలు, అదే వరండా.

అందుకే నా అభిప్రాయం, మీటింగ్ పెట్టుడు కన్నా జాగల కూసొని చూసుడు నయం. ఒక ఆదివారం నేను అదే పని చేసిన, నోట్‌బుక్ పట్టుకొని. పొద్దుగాల ఐదున్నరకు వాకింగ్ చేసేటోళ్ళు, ఆరున్నర కల్లా బీపీ షుగర్ ముచ్చట్లు. మధ్యాహ్నం కానుగ చెట్టు కింద పోరగాళ్ళు. నాలుగున్నరకు క్రికెట్, బాల్ పోయి వాకింగ్ చేసే సారుకు తాకుడు, లొల్లి. ఆరున్నరకు ఆడోళ్ళు చిన్న పిల్లలను తీసుకొని వచ్చిన్రు, లైట్లు వెలిగే వైపే కూసున్నరు, హంస అవతలి వైపు ఒక్కలు కూడ పోలే. ఎందుకు పోరని అడిగితే మా వెనక సందుల అక్క చెప్పిందేందంటే, ఆ మూలకు ఎవడన్న వస్తే బయటికి పోయే తొవ్వ లేదు తమ్మీ, గేటు ఒక్కటే గదా, గోడ అంత ఎత్తు కట్టిన్రు, లోపల ఏమైతున్నదో రోడ్డు మీదోళ్ళకు కనపడది. రెండో గేటు, గోడ బదులు గ్రిల్, ఒక బాత్రూం. ఈ మూడు మాటలు ఆ పదకొండు గంటల మీటింగ్ల ఎవ్వరి నోట్లకెంచి రాలే, వచ్చుంటే హంస ఖర్చు కన్నా తక్కువల అయిపోయేది అనిపించింది.

పన్నెండు పదమూడేండ్ల ఆడపిల్లలు మాత్రం ఏ టైంల కూడ కనపడలే. చిన్నప్పుడు జారుడుబండ కాడ ఉంటరు, పెద్దయినంక వాకింగ్ ట్రాక్ మీద కనపడుతరు, నడుమ పదేండ్లు మాయం. గ్రౌండ్ మొత్తం మగపిల్లల క్రికెట్‌దే. వాళ్ళను తప్పు పట్టుడు కాదు, వాళ్ళకు మాత్రం ఇంకో జాగ ఎక్కడుంది? కాని ఒక షటిల్ కోర్ట్ గీసి వారంల మూడు మాపులు ఆడపిల్లలకు అని బోర్డు పెడితే ఏమైతదో చూడొచ్చు గదా. సున్నంతోని గీసి రెండు నెలలు చూసి, నడిస్తేనే సిమెంటు పొయ్యాలె. మన దగ్గర ముందు సిమెంటు, తర్వాత చూసుడు.

గేటు బయట మిర్చి బజ్జీల బండి గురించి కూడ మా మీటింగ్ల పెద్దమనుషులు గట్టిగనే మాట్లాడిన్రు, తీసెయ్యాలని. నిజానికి రాత్రి ఎనిమిదింటిదాక ఆ బండి లైటు, అక్కడ నిలబడే పది మంది ఉండుడు వల్లనే ఆ గేటు కాడ ఆడోళ్ళకు భయం లేదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఊళ్ళె వాళ్ళ జాగలు తేల్చే కమిటీల కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలె, పార్క్ ప్లాన్ చేసేటప్పుడు బండికి కూడ ఒక గీత గీస్తే ఈ లొల్లే ఉండది.

బయట ఎట్ల చేస్తున్నరని చూస్తే, బ్రెజిల్ల పోర్టో అలెగ్రే అనే ఊళ్ళె 1989ల మొదలుపెట్టిన్రు, మున్సిపల్ బడ్జెట్ల కొంత భాగం దేనికి పెట్టాల్నో జనమే తేల్చుడు. అంత దూరం ఎందుకు, పుణె కార్పొరేషన్ల 2006 నుంచి జనం తమ వార్డుల ఏ పని కావాల్నో ఫారం నింపి ఇచ్చుడు ఉంది, బడ్జెట్ తయారయ్యేముందే. అక్కడ కూడ అన్నీ సక్కగ నడుస్తలేవు, చిన్న పనులే వస్తయి, బెంచీలు, ఫుట్‌పాత్‌లు, రాసేటోళ్ళు కూడ తక్కువే. కాని ఒక్క తేడా ఉంది, అడిగేది పైసలు కేటాయించకముందు. మనల్ని అడిగింది టెండర్ అయినంక.

నేను ఇప్పుడేం చేస్తున్ననో చెప్త. మా పక్క వెంచర్ల తుమ్మ చెట్లు మొలిచిన ఒక జాగ ఉంది, అందరు ఎవ్వనిదో ప్లాట్ అనుకుంటున్నరు. పది రూపాయల ఫీజు కట్టి ఆర్టీఐ వేసిన, ఆ లేఅవుట్ మంజూరు ప్లాన్ కాపీ, ఓపెన్ స్పేస్ గిఫ్ట్ డీడ్ కాపీ ఇయ్యుమని, దాంతో పాటు మా వైపు వసూలైన 14 శాతం చార్జీ లెక్క కూడ. చట్టం ప్రకారం 30 రోజులల్ల జవాబు రావాలె, జర లేటయినా ప్లాన్ అయితే వచ్చింది, చార్జీ లెక్క ఇంకా రాలే. ప్లాన్ల ఆ తుమ్మ చెట్ల జాగ పార్క్ అనే ఉంది, 18 గుంటలు. అడుగులేసి కొలిస్తే నాకు 14 గుంటలకు మించి లెక్క తేలుతలేదు, మిగతా నాలుగు గుంటలు ఏ గోడ లోపలికి పోయినయో చూడాలె.

సోమవారం జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిల దరఖాస్తు ఇచ్చిన, హద్దులు పెట్టియ్యుమని. డిజైన్ గురించి ఒక్క ముక్క కూడ రాయలే, కావాలనే. మా వెనక సందు అక్క, ఇంకో ఏడెనిమిది మంది ఆడోళ్ళు సంతకాలు పెట్టిన్రు, ఈసారి ఫౌంటెన్ వద్దని రాయమని ఒకామె అన్నది, ముందు జాగ తేలనీ అక్కా అన్న. సర్వేయర్ గురువారం గొలుసు పట్టుకొని వస్త అన్నడు, పొద్దుగాల పదకొండింటికి. మాపటికి రమ్మని అడిగినం, ఇంకా ఏం చెప్పలే.